వార్షికమా, సాల్‌నామానా?

ఆంగ్లంలో ‘పీరియాడికల్’ అని ఒక మాట ఉన్నది. చుట్టి రావడమనే అర్థం గల గ్రీకు పదం దానికి మూలం. నియమిత కాలానికి మరల మరల వచ్చే దేనికైనా అది చెల్లుతుంది. గ్రంథాలయాలలో వార, పక్ష, మాస, త్రైమాసిక, వార్షిక పత్రికలన్నిటినీ ఆ పేరు గల అరలోనే ఉంచుతారు. మన పండితులు దీనిని ‘నియతకాలికం’ అన్నారు. వాడుకలో తెలుగువారికి అది పత్రిక, ఉర్దూవారికి రిసాలా.

రెండు భాషల పుటలు గల కళాశాల సంచిక సిద్ధమయ్యే వేళ ముఖపత్రం మీద ఏ పేరు ఉండవలెనన్న చర్చ రాక మానదు. ‘వార్షిక సంచిక’ అని కొందరు, ‘సాల్‌నామా’ అని కొందరు అంటారు. రెండింటికీ తగవెందుకు, ‘మ్యాగజైన్’ అంటే సరిపోతుందని మధ్యవర్తులు తీర్పు చెబుతారు. ఈ తీర్పులోని వింత గమనింపదగినది. మ్యాగజైన్ అనే మాట ఆంగ్లేయుల సొంతం కాదు. సరకు నిలువచేసే కొట్టును అరబ్బీలో ‘మఖ్‌జన్’ అంటారు. ఆ మాటే ఇటలీ, ఫ్రాన్సు దేశాల మీదుగా ఇంగ్లండు చేరింది. 1731లో లండనులో వెలువడిన ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ దానిని మొదట పత్రికకు పేరుగా పెట్టుకొన్నది. పరాయిదని మనం తటస్థంగా ఎంచుకొన్న మాట మన ఉర్దూ విద్యార్థికి దూరపు బంధువే.

తెలుగు విద్యార్థికి ‘సాల్‌నామా’ కొత్తగా తోచవచ్చును. కాని జీతాన్ని, వడ్డీని ‘సాలీనా ఇంత’ అని లెక్కకట్టని తెలుగువాడెవడు? అందులోని సాలు, ఇందులోని సాల్ ఒకటే పారసీక పదం. రోజు, తారీఖు, కిస్తు, జమాబందీ, మామూలు - మరల మరల వచ్చే వాటికి మన రైతు వాడే మాటలలో సగం ఆ దారిన వచ్చినవే. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి అక్కడ తెలుగు నేర్చుకొన్న బ్రౌన్ దొర, ఇటువంటి మిశ్రభాషా పదాలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువునే ప్రకటించాడు. వాటిని భాషకు పట్టిన మలినమని ఆయన పారవేయలేదు.

మరొక సంగతి. ఆంగ్లంలో ‘బైవీక్లీ’ అన్నప్పుడు వారానికి రెండుసార్లా, రెండు వారాలకొకసారా అన్న సందేహం నేటికీ తీరలేదు. మనకా చిక్కు లేదు. పక్షపత్రిక, పంద్రహ్ రోజా, త్రైమాసికం, సెహ్‌మాహీ, అర్ధవార్షికం, షష్‌మాహీ - ఏ జంటను చూచినా కాలం స్పష్టంగానే ఉన్నది. ఇంత తేట అయిన మాటలుండగా అరువు మాట కోసం వెతకడం అనవసరం.

అయితే వార్షికమంటే ఏ ఏడాదికి? మన సీమలో ఏడాదులు చాలా ఉన్నవి. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. కడప పెద్దదర్గా ఉరుసు హిజ్రీ లెక్కన జరుగుతుంది. ఆ సంవత్సరానికి సుమారు 354 రోజులే గనుక ఉరుసు ఏటేటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్ళలో ఋతువులన్నింటినీ చుట్టి వస్తుంది. పంటకు ముడిపడిన శిస్తుకు ఆ లెక్క పొసగదు గనుకనే అక్బరు కాలంలో ఫసలీ ఏర్పడింది. ఫసల్ అంటే పంట. మన రెవెన్యూ లెక్కలలో అది జూలై 1న ఆరంభమవుతుంది.

సంస్కృతంలో ‘వర్షం’ అంటే వాన, సంవత్సరం కూడా. ఒక వానకారు నుండి మరొక వానకారు వరకు ఒక ఏడాది. ‘వార్షికం’ ఆ మాట నుండే పుట్టింది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడితే చాలునని ఎదురుచూచే కర్నూలు, కడప సీమల వారికి ఈ అర్థం వివరించనక్కరలేదు. వాన తప్పిన ఏటిని మనవారు అంకెతో కాక పేరుతోనే గుర్తుపెట్టుకొన్నారు. 1876-78 నాటి కరువు ధాత నామ సంవత్సరం పేరుతో నేటికీ ధాత కరువే.

పత్రిక తప్పిన ఏటిని మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒక కళాశాల గ్రంథాలయంలో పాత వార్షిక సంచికల వరుస చూచాను. నడుమ రెండేళ్ళు లేవు. ఆ తరువాత మూడేళ్ళకు కలిపి ఒకే సంపుటం ఉన్నది. దాని మీదను ‘వార్షిక సంచిక’ అనియే అచ్చయింది. కారణాలు అడిగితే నిధులన్నారు, కాగితం ధర అన్నారు. అవి అబద్ధాలు కాకపోవచ్చును. కాని వారపత్రిక ఒక వారం ఆగితే పాఠకుడు మరుసటి వారం చదువుకొంటాడు. కళాశాల సంచిక ఒక ఏడాది ఆగితే, ఆ ఏట చివరి తరగతిలో ఉన్న పిల్లవాడు మరుసటి ఏటికి అక్కడ ఉండడు. తన పేరు అచ్చులో చూచుకొనే అవకాశం అతనికి అదొక్కటే కావచ్చును. గజల్ వ్రాసిన పిల్లకైనా, వ్యాసం వ్రాసిన పిల్లవానికైనా ఆ నష్టం సమానమే.

కనుక నా అభిప్రాయమిది. కుడినుండి తెరిచిన వారికి ‘సాల్‌నామా’ అనియు, ఎడమనుండి తెరిచిన వారికి ‘వార్షిక సంచిక’ అనియు రెండు పేర్లూ ఉండనిండు. ఏ పేరు పెట్టినా అది ఏటేటా వస్తామని చేసిన బాస. పేరు కోసం వాదించినంత పట్టుదలతో ఆ బాస నిలుపుకోవలెను. నూరు పుటలకు డబ్బు లేని ఏడు ఇరువది పుటలే వేయుదము. ఏడు మాత్రం తప్పవద్దు.