ఫిన్‌మార్క్: ఖాళీగా కనిపించే సరిహద్దు

నార్వే ఉత్తరపు కొసన ఉన్న ఫిన్‌మార్క్ కౌంటీ విస్తీర్ణంలో డెన్మార్క్ కన్నా పెద్దది. జనాభా మాత్రం సుమారు 75 వేలు. చదరపు కిలోమీటరుకు ఇద్దరు కూడా లేరు. అయినా ఓస్లో పాలకులు ఈ కౌంటీ జనాభా లెక్కల మీద ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచుతారు. రష్యాతో నార్వేకున్న భూసరిహద్దు, దాదాపు 198 కిలోమీటర్లు, మొత్తం ఇక్కడే ఉంది మరి.

1944లో వెనక్కి మళ్లుతూ జర్మన్ సైన్యం ఈ ప్రాంతాన్ని తగలబెట్టింది. జనాన్ని బలవంతంగా దక్షిణాదికి తరలించింది. యుద్ధం ముగిశాక, అప్పుడే రావద్దని ప్రభుత్వం చెప్పినా వినకుండా చాలామంది తిరిగొచ్చి గుడిసెలు వేసుకున్నారు. అలాంటి చోట జనాన్ని నిలపడానికి 1990 నుంచి ప్రభుత్వమే తాయిలాలు పంచాల్సి వస్తోంది. పన్ను తగ్గింపు, ఏటా విద్యారుణంలో కొంత మాఫీ వాటిలో ముఖ్యమైనవి. అయినా యాభై ఏళ్ల కిందటితో పోలిస్తే జనం తగ్గారే కానీ పెరగలేదు. ఉన్నవాళ్లలోనూ పాతిక శాతానికి పైగా ఆల్టా మునిసిపాలిటీలోనే ఉన్నారు.

రాయితీలతో ఉపాధి రాదనడానికి సరిహద్దు పట్టణం కిర్కెనెస్ చాలు. అక్కడి ఇనుప గని 1996లో మూతపడింది, 2009లో తెరుచుకుంది, 2015లో దివాలా తీసింది. సరిహద్దు అవతలి వ్యాపారం కొన్నాళ్లు ఆదుకుంది. 2012 నుంచి సరిహద్దు వాసులు వీసా లేకుండానే రాకపోకలు సాగించారు. వీధుల పేర్లు రష్యన్‌లోనూ రాసుకున్న ఊరది. ఉక్రెయిన్ యుద్ధంతో ఆ ఆసరా దాదాపు పోయింది.

ఈలోగా ఓస్లో చేసిన ఘనకార్యం, పొరుగు కౌంటీ ట్రోమ్స్‌తో విలీనం. 2018 ప్రజాభిప్రాయ సేకరణలో 87 శాతం వద్దన్నా 2020లో కలిపేసి, 2024లో మళ్లీ విడదీశారు. మనుషులు తక్కువైతే వాళ్ల మాటకూ విలువ తక్కువేననుకున్నారేమో!

అసలు ఈ నేల ఖాళీ అనడమే పొరపాటు. కౌటొకైనో మునిసిపాలిటీ విస్తీర్ణంలో నార్వేలోకెల్లా పెద్దది, జనం మూడు వేల లోపే. అక్కడి ఆదివాసులైన సామీ పశుపాలకుల రెయిన్‌డీర్ మందలు చలికాలం లోతట్టు పీఠభూమిలో, వేసవిలో తీరంలో మేస్తాయి. మధ్యలో ఉన్నదంతా వాటి దారి. కౌంటీ భూముల్లో 95 శాతం దాకా 2005 చట్టంతో స్థానిక యాజమాన్య సంస్థకు దక్కినా, భూమిని ఎవరు ఎలా వాడుకోవాలన్న తగవు తీరలేదు. హామర్‌ఫెస్ట్ దగ్గరి గ్యాస్ ప్లాంటును విద్యుత్తుతో నడిపేందుకు 2023లో ప్రభుత్వం ఒప్పుకుంది. అందుకు కావలసిన హైటెన్షన్ లైన్లు, గాలిమరలు తమ మేతభూముల్లోకే వస్తాయని పశుపాలకులు అడ్డు చెబుతున్నారు.