మా మేనల్లుడి చదరంగం

మేనల్లుళ్ళు మేనమామల పరువు తీయడానికే పుడతారని మా అమ్మ అంటూ వుండేది. సెలవులకు హిందూపురం వచ్చిన మా చెల్లెలి కొడుకు ఆ మాట నాలుగు రోజుల్లో రుజువు చేశాడు. నేను ముప్ఫయ్యేళ్ళుగా చదరంగం ఆడుతున్నాను. వాడు ఇంకా ఇంటర్ చదువుతున్నాడు. సెల్‌ఫోనులో మూడేసి నిమిషాల ఆటలు పదకొండు ఆడాం. పదకొండూ ఓడాను.

ఇంతలో ధర్మవరం నుంచి చెల్లెలు ఫోను చేసింది.

"అన్నా, వాడు పొద్దస్తమానం ఆ సెల్లులోనే వుంటాడు. రేటింగు రెండువేల నూరు దాటిందంట. టోర్నమెంట్లకు పోతానంటాడు. ఫీజులు, రైలు చార్జీలు, రూము బాడుగ అంటే మాటలా? మీ బావేమో సెల్లు లాక్కుంటానంటాడు. నువ్వు ఆట తెలిసినోడివి. వాని ఆటలో సత్తా వుందో లేదో చూసి చెప్పు."

పదకొండుసార్లు ఓడినవాడు తీర్పరి కావడం విడ్డూరమే. అయినా సరేనన్నాను. వాణ్ణి దింపి వచ్చే పని నేనే పెట్టుకుని, పాసింజరు ఎక్కగానే అయస్కాంతం బిళ్ళల చదరంగం తీశాను.

"గడియారం లేదు. ఎంతసేపైనా ఆలోచించు. కానీ ముట్టుకున్న పావు కదపాలి. ఎత్తు ఎందుకు వేశావో నాకు చెప్పాలి" అన్నాను.

తెల్లపావులు వాడివి. మొదటి పన్నెండు ఎత్తులు నీళ్ళు తాగినట్టు వేశాడు. గుర్రంతో నా రాజుకూ ఏనుగుకూ ఒకేసారి గురిపెట్టే అవకాశం నాకంటే రెండెత్తుల ముందే చూశాడు. చిక్కులో పడితే బెదరడు. ఇవి చిన్న గుణాలు కావు. వేగంగా వేలసార్లు ఆడితే కంటికి అలవడేవి.

పదమూడో ఎత్తు దగ్గర "ఇదెందుకు?" అన్నాను.

"అట్లే వేస్తారు మామా."

"ఎవరు?"

జవాబు లేదు. మొదటి లోపం అక్కడ దొరికింది. వాడికి ఎత్తు తెలుసు, కారణం తెలియదు.

పెనుకొండ కొండ కనిపించింది. 1565లో తళ్ళికోట యుద్ధం తరవాత విజయనగర రాజులు రాజధానిని తరలించింది యీ వూరికే. కృష్ణదేవరాయలతో చదరంగమాడిన బొడ్డుచెర్ల తిమ్మన కథ చెప్పాను. నూరుమంది ఒక్కటై ఎదురు కూర్చున్నా అతనే గెలిచేవాడని చాటువు.

"అంటే నూరుమంది ఆలోచననీ ఆయనొక్కడే ఆలోచించేవాడన్నమాట. నువ్వు నా ఒక్కడి ఆలోచనైనా చేస్తున్నావా?" అన్నాను. వాడు నవ్వి వూరుకున్నాడు.

ఆట చివరికొచ్చింది. వాడికి రాజుకాక తెల్లగళ్ళ శకటు, అంచుకు పక్క వరసలో ఒక బంటు మిగిలాయి. నాకు రాజు, అంచున ఒక బంటు. గెలుపు వాడి చేతిలో వుంది. బంటును ఒక గడి ముందుకు నడిపి, రాజును వెంట తెస్తే చాలు. వాడు చటుక్కున నా బంటును చంపాడు.

"అయిపోయింది మామా!"

అయిపోయిన మాట నిజమే. చంపడంతో వాడి బంటు అంచు వరసలోకి వచ్చింది. అది మంత్రి కావలసిన మూలగడి నల్లది. వాడి శకటు తెల్లగళ్ళలోనే తిరుగుతుంది. నా రాజు ఆ మూల చేరి కూర్చున్నాడు. ఇక ఎవరూ కదిలించలేరు. ఆట సమం. ధర్మవరం వచ్చేదాకా వాడు ఆ మూల వంకే చూస్తూ కూర్చున్నాడు.

మూడో సంగతి యింట్లోనే చూశాను. ఒక రాత్రి ఒక ఆట ఓడి, ఆ ఉక్రోషంలో వరసగా తొమ్మిది ఆడాడు. ఆరు పోగొట్టుకున్నాడు. ఒక్కదాన్నీ తిరిగి చూసుకోలేదు.

భోజనాలయ్యాక బావగారు "సెల్లులో ఆట కూడా ఆటేనా?" అన్నారు.

ఆటే. 2020లో ప్రపంచ దేశాలు ఆన్‌లైన్‌లోనే ఒలింపియాడ్ ఆడాయి. సెమీఫైనల్లో పోలండుతో చివరి నిర్ణాయక ఆట గెలిచి మన దేశాన్ని గట్టెక్కించింది గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. ఫైనల్లో ఇంటర్నెట్ తెగిపోవడంతో మనదేశానికీ రష్యాకూ కలిపి స్వర్ణం ఇచ్చారు. కానీ ఆ హంపి అప్పటికే బల్లముందు గంటల తరబడి కూర్చుని నేర్చిన మనిషి. 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ చాంపియన్ అయిందంటే ఆ పునాది మీదే.

"సత్తా వుంది. పునాది లేదు" అన్నాను. "సెల్లు లాక్కోవద్దు. రోజుకు వేగం ఆటలు రెండే. అరగంట ఆట ఒకటి. ఓడిన ఆటకు ముందు సొంత కారణం కాగితం మీద రాయాలి, తరవాతే కంప్యూటరు నడగాలి. వారానికొక ముగింపు ఆట నేర్వాలి. ఆర్నెల్లు యిలా చేస్తే దగ్గర్లో ఒక టోర్నమెంటుకు పంపండి. మొదటి ఫీజు నాది."

వాడి ముఖం చిన్నబోయింది. ఆర్నెల్లు ఆ వయసులో ఆరేళ్ళు మరి.

వారం తిరక్కుండా ఫోను చేశాడు. "మామా, ఆ బంటును చంపకుండా నడిపి చూస్తి. గెలుపే. కాగితం మీద రాసి పెట్టుకున్యా."

నా పదకొండు ఓటముల సంగతి నేను చెల్లెలికి చెప్పలేదు. విచారిస్తే వాడూ చెప్పలేదని తేలింది. దాన్ని కూడా వాడి గుణాల పట్టీలో చేర్చాను.