సీతాకోకచిలుకకీ ఓ పుట్టిల్లు కావాలి

డాబా మీద కుండీలో బీర పాదు పెడతాం. పందిరంతా అల్లుకుంటుంది. పసుపుపచ్చని పూలు విరగబూస్తాయి. వాటి కింద బుల్లి బుల్లి పిందెలు కూడా కనిపిస్తాయి. ఇంకేం, వారం తిరిగేసరికి బీరకాయ పచ్చడి చేసుకోవచ్చని సంబరపడతాం. తీరా చూస్తే మూడోనాటికి ఆ పిందె పండుటాకులా మారి, ముడుచుకుపోయి రాలిపోతుంది. బలం చాల్లేదేమోనని ఎరువు వేస్తాం. తెగులేమోనని మందు కొడతాం. పిందెలు మాత్రం రాలుతూనే ఉంటాయి.

చాలాసార్లు లోపం ఎరువులో ఉండదు. బీర, సొర, కాకర, గుమ్మడి పాదులకి మగపూలు వేరు, ఆడపూలు వేరు. మగపూవులోని పుప్పొడి ఆడపూవుకి చేరితేనే పిందె కాయవుతుంది. ఆ పని గాలి వల్ల కాదు. తేనెటీగో, తుమ్మెదో, సీతాకోకచిలుకో, చీకటి పడ్డాక తిరిగే రెక్కల పురుగో వచ్చి చేసిపెట్టాలి. అవి రావడం మానేశాయి కాబట్టే మిద్దె తోటలు వేసుకున్న ఎంతోమంది ఇల్లాళ్లు మగపూవు కోసి, రేకులు తుంచి, ఆడపూవుకి స్వయంగా అద్దుతున్నారు. పూలకి పెళ్లిళ్లు చేసే పని కూడా మన నెత్తినే పడిందన్నమాట!

ఇది మన నాలుగు కుండీల బాధే అనుకోకండి. ఐపీబీఈఎస్ అనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల వేదిక 2016లో ఓ నివేదిక ఇచ్చింది. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల రకాల్లో 75 శాతానికి పైగా, పూర్తిగానో కొంతగానో, పుప్పొడి మోసే జీవుల మీదే ఆధారపడ్డాయని అందులో తేల్చారు. మనం చీదరించుకునే ఈగలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మామిడి పూత కాయగా మారడంలో ఈగలది పెద్ద పాత్ర. అంటే వేసవిలో మనం పట్టే ఆవకాయలో వాటికీ ఓ వాటా ఉందన్నమాట.

మరి ఇంత మేలు చేసే జీవులు మన ఇళ్లవైపు ఎందుకు రావడం లేదు? రావడానికి మనం ఏం ఉంచాం గనక! ఒకప్పుడు ఎంత చిన్న ఇంటికైనా పెరడుండేది. అందులో కరివేప, నిమ్మ, మునగ, గన్నేరు, తులసి, గోడవార ఎవరూ నాటని తుమ్మి, ఉత్తరేణి ఉండేవి. ఇప్పుడు గోడ నుంచి గోడ దాకా సిమెంటు. ఆ మీద వరసగా క్రోటన్లు, పామ్ మొక్కలు. నర్సరీకి వెళితే "తీసుకెళ్లండమ్మా, దీనికి పురుగే పట్టదు" అని చెప్పి మరీ అమ్ముతారు. మనమూ మురిసిపోయి తెచ్చుకుంటాం. ఒక్క పురుగు కూడా ముట్టని మొక్క అంటే ఏ జీవికీ అన్నం పెట్టని మొక్క అని మనకి తోచదు.

సీతాకోకచిలుక పూలకోసమే వస్తుందని మనందరి నమ్మకం. అది సగం నిజం. పూవు దానికి దారిలో తగిలే హోటల్ లాంటిది. తేనె తాగి వెళ్లిపోతుంది. గుడ్డు పెట్టాలంటే మాత్రం ఆకు కావాలి. అదీ ఏ ఆకు పడితే ఆ ఆకు పనికిరాదు. తల్లి సీతాకోకచిలుక ఆకు మీద వాలి కాళ్లతో రుచి చూస్తుంది. దాని కాళ్లకే రుచి తెలుస్తుంది మరి! తన పిల్లలు తినగలిగే ఆకని తేలాకే గుడ్డు పెడుతుంది. ఆ ఆకే దాని పుట్టిల్లు. ఆ మొక్క లేని వీధిలో ఎన్ని రంగుల పూలు పూసినా సీతాకోకచిలుకలు చుట్టపుచూపుగా రావలసిందే గానీ కాపురం ఉండవు.

ఆ పుట్టిళ్లలో మనకి బాగా తెలిసింది కరివేప. కరివేప, నిమ్మ, మారేడు ఆకుల మీద పెరిగేవి లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ అనే రెండు రకాలు. లేత ఆకు మీద పిట్ట రెట్టలా నల్లగా, తెల్లగా కనిపించేది రెట్ట కాదు, వాటి పిల్లే. పిట్టలు చూసి వదిలేయాలని వేసిన వేషమది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. వేలు పెట్టి కదిపితే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము బయటికి తీసి ఓ ఘాటు వాసన వదులుతుంది. అంతే, అది కుట్టదు, కరవదు. గుడ్డు నుంచి రెక్కలదాకా నెల రోజులలోపే తతంగమంతా అయిపోతుంది.

మనమేం చేస్తాం? పురుగు కనిపించగానే చెప్పు తీస్తాం. పిల్లలకి పాఠ్యపుస్తకంలో సీతాకోకచిలుక జీవితచక్రం బొమ్మలు గీయించి మార్కులు వేయిస్తాం. అదే జీవితచక్రం ఇంట్లో మొదలైతే నలిపేస్తాం. పురుగు వద్దు, సీతాకోకచిలుక కావాలంటే ఎలా?

"మరి మా చారులోకి రెబ్బ కరివేపాకు ఉండొద్దా?" అంటారా, తప్పకుండా ఉండాలి. ఎదిగిన చెట్టుకి నాలుగు పురుగులు పడితే నష్టం లేదు, మళ్లీ చిగురిస్తుంది. కుండీలో చిన్న మొక్కయితే పక్కన ఇంకోటి పెట్టుకోండి. పురుగున్న ఆకుని తుంచి ఆ రెండో మొక్క మీద పెడితే సరి. వంటకో చెట్టు, వాటికో చెట్టు. ఒళ్లంతా నూగుతో మునగ కాండం మీద గుంపులుగా చేరే గొంగళిపురుగుల సంగతి వేరు. అవి ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి. వాటిని దూరంగా ఉంచడంలో తప్పులేదు. నున్నగా ఉన్నదానికీ నూగున్నదానికీ ఒకే శిక్ష వేయొద్దనే మా మనవి.

ఇంకా ఏం మొక్కలు పెట్టాలో తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలక్కర్లేదు. వినాయక చవితి పత్రి జాబితా తీయండి. అందులోని మారేడు గురించి చెప్పుకున్నాం. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక పుడుతుంది. ఆ ఆకులోని విషం దాని ఒంట్లో చేరి పిట్టల నుంచి కాపాడుతుంది. గన్నేరు మీద కామన్ క్రో అనే గోధుమరంగుది పెరుగుతుంది. రేగు మీద తెల్లటి రెక్కల మీద నల్ల చుక్కలుండే బుల్లిది ఉంటుంది. తులసి, వావిలి పూస్తే తేనెటీగలకి పండగే. ఏడాదికోసారి బజారులో పత్రి కట్ట కొని, మర్నాడు పారేసే బదులు అందులో రెండు మూడింటిని నాటుకుంటే ఏడాది పొడుగునా ఉంటాయి. ఒక్క జాగ్రత్త: జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పసిపిల్లలున్న ఇంట్లో అందకుండా నాటండి, లేదా మానుకోండి.

బతుకమ్మలో పేర్చే తంగేడు మాత్రం తక్కువదా? 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ తంగేడులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పూవుని పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిరిస్తే ఆ అదురుకి పుప్పొడి రాలుతుంది. టమాటా, వంగ పూలు కూడా ఇలా అదిరిస్తేనే పుప్పొడి బాగా వదులుతాయి. మన తేనెటీగలకి ఈ విద్య రాదు. అంటే ప్రహరీ పక్కన ఓ తంగేడు పొద ఉంటే దానికోసం వచ్చిన తుమ్మెద మీ వంకాయకీ పని చేసిపెడుతుంది. తుమ్మెద గూడు ఎండు కర్రలో, వెదురు బొంగులో ఉంటుంది. పెరట్లో ఓ ఎండు బొంగుని అలాగే వదిలేయండి.

నాటడమొక్కటే చాలదు. మందుల విషయంలో చేయి వెనక్కి తీసుకోవాలి. వేపనూనె సహజమైనదే, కానీ అది సీతాకోకచిలుక పిల్లనీ వదలదు. తప్పనిసరైతే తెగులున్న కొమ్మకే కొట్టండి, పూత మీద వద్దు. తులసి వెన్నులన్నీ తుంచేయకుండా కొన్నింటిని పూయనివ్వండి. మందార కొనేటప్పుడు ముద్ద రకం కన్నా ఒంటిరేకుది ఎంచుకోండి. ముద్దపూలలో కేసరాలే రేకులైపోతాయి కాబట్టి పుప్పొడి దొరకదు. అపార్ట్‌మెంటు గోడకి పెద్ద తేనెపట్టు పడితే పొగపెట్టి, మందుకొట్టి చంపించకండి. ఆ కొండ తేనెటీగలు కాలాన్ని బట్టి వలస పోతాయి. వాటి జోలికి పోకుండా, ఆ వైపు కిటికీలు మూసి కొన్నాళ్లు ఓపిక పడితే అవే వెళ్లిపోతాయి.

వీధి సంగతి కూడా మనదే. త్వరగా పెరుగుతుందని ఊరూరా నాటిన కోనోకార్పస్ అనే విదేశీ మొక్కని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. కాలనీ సంఘం మొక్కలు తెప్పిస్తున్నప్పుడు "రేల, కానుగ, వేప తెప్పించండి" అని అడగొచ్చు కదా. రేల ఆకు మీద లేతపసుపు సీతాకోకచిలుకలు పుడతాయి. కానుగ, వేప పూతకి తేనెటీగలు ముసురుకుంటాయి. సంఘం మీటింగుల్లో మొక్కల మాట వచ్చినప్పుడు ఆడవాళ్లు నోరు విప్పితే ఎవరూ కాదనలేరు.

ఈసారి తొలకరికి నర్సరీకి వెళ్లినప్పుడు "పురుగు పట్టని మొక్క ఏదైనా ఉందా?" అని అడగకండి. "పురుగు తినే మొక్క ఇవ్వండి" అని అడగండి. అతను మిమ్మల్ని వింతగా చూస్తాడు. చూడనివ్వండి. మీ బీర పాదు కాయలు కాస్తే ఓ కాయ తీసుకెళ్లి అతనికే ఇద్దురుగాని!