ఒకరి ఆయాసం అందరిదీ

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. రాతి ధూళి మాత్రం అక్కడ పనిచేసిన మన పెద్దల ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. పూర్తిగా నయం చేసే మందు లేదు. క్షయ సోకే ముప్పూ ఎక్కువే.

మెట్లెక్కలేక మందిరానికి రానివారిని విశ్వాసం సన్నగిల్లిందన్నాం. ఆ మాటకు పశ్చాత్తాపపడుతున్నాం. ప్రార్థన కూడికను వారి ఇంటికే తీసుకెళ్దాం. ఆసుపత్రికి తోడు వెళ్దాం. చేసిన గని పని గురించి డాక్టరుకు చెబుదాం.

యువతా, నేడు రాతి క్వారీల్లో మీ స్నేహితులు పీల్చేదీ ఆ ధూళే. నష్టపరిహారానికి చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి సిలికోసిస్. వారి అర్జీ మీరు రాసిపెట్టండి.

సంఘం క్రీస్తు శరీరమని నమ్మే మనకు ఒకరి ఆయాసం అందరి ఆయాసం కాదా?