టికెట్టు లేకపోయినా పాట మనదే

డిసెంబరు వచ్చిందంటే మైలాపూరు, టి.నగర్ సభల్లో ఎక్కడ చూసినా కచేరీలే. 1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సదస్సు ఈ మార్గళి సీజనుకు మూలం. మన అంబత్తూరు అమ్మాయిలు మాత్రం "అది డబ్బున్నవాళ్ల వేడుకలేవే" అని తప్పుకుంటారు. నేను ఒప్పుకోను.

లెక్క చూడండి. ఇక్కణ్ణుంచి సెంట్రల్‌కి లోకల్ రైలు టికెట్టు పది రూపాయలు దాటదు. అక్కణ్ణుంచి సాధారణ టౌను బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్లకు టికెట్టే లేదు. సాయంత్రం పెద్ద విద్వాంసుల కచేరీకి డబ్బు కట్టాలి, నిజమే. కానీ చాలా సభల్లో మధ్యాహ్నం యువ కళాకారుల కచేరీలకు ప్రవేశం ఉచితం. క్యాంటీనులో టిఫిను ఖరీదెక్కువ అనిపిస్తే ఇంట్లో తినే బయల్దేరదాం.

అసలు సంగతి వేరే ఉంది. అక్కడ పాడే కృతుల్లో త్యాగరాజస్వామివి ఎన్నో. తిరువయ్యారులో ఉంటూ ఆయన రాసింది మన తెలుగులో. క, గ రెండింటికీ ఒకే అక్షరమున్న తమిళ లిపిలో రాసుకుని ఎందరో వాటిని శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. వినేవాళ్లలో చాలామందికి రాగం తెలుసు, మాట తెలియదు. రాగం పేరు చెప్పలేకపోయినా మనకు మాట తెలుసు. స్వామి రాముణ్ణి నిలదీస్తున్నాడో, బతిమాలుతున్నాడో ఇట్టే పట్టేస్తాం. ముందు వరస టికెట్టు కొన్నా అది దొరకదు.

ఈ సెలవుల్లో ఒక్క మధ్యాహ్నమైనా నలుగురం కలిసి వెళ్దాం. పక్కనున్న మామి అర్థం అడిగితే తమిళంలో చెబుదాం.