గొంతు దిగినా గడవని గండం

పసివాడు నాణెం మింగితే ఇల్లంతా అదిరిపడుతుంది. ఏం మింగాడో, ఎప్పుడు మింగాడో చెప్పడానికి తల్లో, అక్కో, అమ్మమ్మో ఎవరో ఒకరు ఉంటారు. పెద్దవారి సంగతి వేరు. వారు మింగిన వస్తువుకు వారే ఏకైక సాక్షులు. ఒక్కొక్కప్పుడు ఆ సాక్షికీ సంగతి తెలియదు. తెలిసినా, ఇంత వయసు వచ్చి ఇదేం పని అంటారేమోనన్న సిగ్గు నోరు మెదపనివ్వదు. చేపముల్లు, పిన్నీసు, కట్టుడుపళ్ళ ముక్క వంటి అల్పవస్తువులు పెద్దవారికి ప్రాణాంతకం కావడానికి వాటి పదును ఎంత కారణమో, ఈ మౌనమూ అంత కారణమే.

అమెరికన్ రచయిత షెర్వుడ్ ఆండర్సన్ మరణం ఇందుకొక నిదర్శనం. 1919లో వెలువడిన ‘వైన్స్‌బర్గ్, ఒహాయో’ అనే కథల పుస్తకంతో ఖ్యాతి గడించిన ఆయన 1941లో భార్యతో కలిసి ఓడలో దక్షిణ అమెరికాకు బయలుదేరాడు. ప్రయాణంలో కడుపునొప్పి మొదలైంది. పనామా దేశంలోని కొలోన్ రేవులో దింపి ఆసుపత్రిలో చేర్చారు. మార్చి 8న, 64 ఏళ్ళ వయసులో, ఆయన కన్నుమూశాడు. కారణం శవపరీక్షలో బయటపడింది. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే చిన్న టూత్‌పిక్ పుల్ల ఎలాగో కడుపులోకి పోయి పేగును చీల్చింది. పేగులోని మాలిన్యం ఉదరకుహరంలో వ్యాపించి, వైద్యులు పెరిటొనైటిస్ అని పిలిచే తీవ్రమైన వాపును తెచ్చిపెట్టింది.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. మింగబోయిన వస్తువు దారితప్పి శ్వాసనాళంలో పడితే దగ్గు, ఉక్కిరిబిక్కిరి ఆ క్షణంలోనే మొదలవుతాయి. అది నిమిషాల మీద నడిచే ఆపద. పొట్ట పైభాగాన్ని వెనుకనుంచి చేతులతో బిగించి నొక్కే పద్ధతిని డాక్టర్ హెన్రీ హైమ్లిక్ 1974లో ప్రకటించింది ఆ ఆపదకోసమే. అన్నవాహికలోకి పోయిన వస్తువు అలా కేకలు పెట్టదు. అది గంటలు, రోజులు, అరుదుగా నెలల తరబడి కూడా నిదానంగా తన పని చేస్తుంది.

అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అందులో సహజంగానే ఇరుకైన చోట్లున్నాయి: గొంతు ముగిసి అన్నవాహిక మొదలయ్యే చోటు, గుండెనుంచి బయలుదేరిన బృహద్ధమని దాని పక్కగా వంపు తిరిగే చోటు, ఛాతీని పొట్టనుంచి వేరుచేసే కండరపు పొరను దాటే చోటు. వస్తువులు సాధారణంగా చిక్కుపడేది వీటివద్దనే. వీటిని దాటి జీర్ణకోశంలో పడినవాటిలో అధికభాగం మలంతోపాటు బయటికి పోతాయి. మొత్తంమీద మింగిన వస్తువులలో నూటికి 80నుంచి 90 వాటంతట అవే వెళ్ళిపోతాయనీ, 10నుంచి 20 వాటికి ఎండోస్కోపీ అవసరమవుతుందనీ, శస్త్రచికిత్సదాకా వచ్చేవి నూటికి ఒకటి మాత్రమేననీ వైద్యగ్రంథాలు చెబుతున్నాయి.

ఈ లెక్క ధైర్యమిచ్చేదే. అయితే ఇది నునుపైన వస్తువులకు వర్తించినంతగా వాడివస్తువులకు వర్తించదు. రెండున్నర సెంటీమీటర్లకు మించిన వెడల్పు గల వస్తువు జీర్ణకోశపు ద్వారం దాటడం కష్టం. ఆరు సెంటీమీటర్లకు మించిన పొడవు గలది చిన్నపేగు తొలి వంపు తిరగడం కష్టం. ముళ్ళు, పుల్లలు ఇవన్నీ దాటినా, చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట గుచ్చుకోవచ్చు. అప్పుడు కుడివైపు పొత్తికడుపులో వచ్చే నొప్పి అచ్చం అపెండిసైటిస్‌లాగే ఉంటుంది.

బెంగాల్ మొదలు కేరళ దాకా చేప వండే ప్రతి ఇంటా ముల్లు గుచ్చుకున్నప్పుడు చేసే చికిత్స ఒకటే: అన్నం ముద్దో, అరటిపండో నమలకుండా మింగించడం. చిన్న ముల్లయితే జారిపోవచ్చు. పెద్దదైతే ఆ ముద్ద దానిని మరింత లోతుకు దింపుతుంది. పైగా, తీరా ఆసుపత్రికి వెళ్ళాక, కడుపు నిండి ఉన్నందున మత్తు ఇవ్వడానికి వైద్యుడు వెనుకాడవలసి వస్తుంది.

ముద్ద మింగాక నొప్పి తగ్గితే ముల్లు పోయిందని సంతోషిస్తాం. కాని ఈ విషయంలో నొప్పి నమ్మదగిన సాక్షి కాదు. ముల్లు పోయినా, అది గీరిన గాయంవల్ల ఒకటి రెండు రోజులు గుచ్చుతున్నట్లే ఉంటుంది. ముల్లు లోపలే ఉన్నా, ఒక్కొక్కప్పుడు నొప్పి సద్దుమణుగుతుంది. ఆస్ట్రియన్ వైద్యుడు హాన్స్ కియారి 1914లో వర్ణించిన లక్షణాల వరుస ఈ ప్రశాంతత ఎంత మోసకరమో చెబుతుంది. వాడి వస్తువు అన్నవాహికను తొలుచుకుని బృహద్ధమనిని చేరినప్పుడు మొదట ఛాతీ మధ్య నొప్పి, తరువాత కొద్దిపాటి ఎర్రని రక్తపు వాంతి, ఆపైన కొన్ని గంటలో రోజులో ఏ బాధా లేని విరామం, చివరకు ఆపశక్యం కాని రక్తస్రావం. ఇది బహు అరుదు. కాని ఆ చిన్న వాంతిని నిర్లక్ష్యం చేసినవారికి రెండవ అవకాశం దొరకడం దుర్లభం.

ప్రమాదం చేపలతోనే ముగియదు. కట్టుడుపళ్ళు అంగుడిని కప్పివేయడంవల్ల నోటికి స్పర్శజ్ఞానం తగ్గి, ఎముకముక్క ఉన్నదీ లేనిదీ తెలియదు. వదులైన పళ్ళసెట్టే నిద్రలో లోపలికి పోవచ్చు; దాని తీగ కొక్కేలు గోడలను పట్టుకుంటాయి. మాత్రల పట్టీని ఒక్కొక్క మాత్రగా కత్తిరించి ఇస్తే, చూపు మందగించిన వృద్ధులు వాడి మూలలున్న రేకుతో సహా మింగిన సందర్భాలున్నాయి. వినికిడి యంత్రపు బ్యాటరీని మాత్ర అనుకున్నవారూ ఉన్నారు. అది అన్నవాహికలో ఇరుక్కుంటే విద్యుత్ప్రవాహంవల్ల పుట్టే క్షారం రెండు గంటలలోనే కండను కాల్చడం ఆరంభిస్తుంది. చీర కట్టుకుంటూ పిన్నీసును, చెప్పు కుడుతూ మేకును పళ్ళమధ్య పట్టుకోవడం మనకు అలవాటు. ఒక్క తుమ్ము చాలు.

వస్తువును వెలికితీసే విద్య ఎంతో ముందుకు సాగింది. 1868లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మాల్ తిన్నని గొట్టాన్ని అన్నవాహికలోకి దింపి చూడడానికి కత్తులు మింగే గారడీవాని సహాయం కోరవలసివచ్చింది. ఫిలడెల్ఫియా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ సేకరణలోని రెండువేలకు పైబడిన వస్తువులు ఆ నగరపు మ్యూటర్ మ్యూజియంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ వంగే గాజుతంతుల ఎండోస్కోపును ప్రదర్శించాక ఈ పని రోగికి ఎంతో సులభమైంది. కాని యంత్రానికి ఏం వెతకాలో ఎవరో చెప్పాలి. కొయ్యపుల్ల, కట్టుడుపళ్ళ ప్లాస్టిక్, అనేక రకాల చేపముళ్ళు సామాన్య ఎక్స్‌రేలో కనబడవు. అనుమానముంటే సీటీ స్కాన్ వాటిని చాలావరకు పట్టిస్తుంది. ఆ అనుమానం వైద్యునికి కలగాలంటే రోగి నోరు విప్పాలి.

కనుక ఏం మింగారో, ఎప్పుడు మింగారో, అది ఎంత పొడవో, వాడిగా ఉందో లేదో దాచకుండా చెప్పండి. అటువంటి వస్తువు మరొకటి ఇంట్లో ఉంటే వెంట తీసుకువెళ్ళండి. వేలు పెట్టి వాంతి చేసుకోవద్దు. విరేచనానికి మందు వేసుకోవద్దు. ఉమ్మి కూడా మింగలేకపోయినా, వాడివస్తువో బ్యాటరీయో అన్నవాహికలో ఉన్నా, వీలైతే రెండు గంటలలో, ఎంత ఆలస్యమైనా ఆరు గంటలలో తొలగించాలని ఐరోపా ఎండోస్కోపీ వైద్యుల సంఘం 2016లో సూచించింది. రోజులు గడిచాక జ్వరం, మెడ వాపు, ఛాతీనొప్పి, కడుపునొప్పి, రక్తపు వాంతి, నల్లని విరేచనం వంటివి కనబడితే, వారం కిందటి చేపల పులుసు సంగతి కూడా వైద్యునికి చెప్పవలసిందే. ఆయన నవ్వడు; కాగితంమీద రాసుకుంటాడు.