నిత్యవ్యాయామము

వ్యాయామమనగానే తెలుగు బాలురకు కోడి రామమూర్తి నాయుడు జ్ఞప్తికి వచ్చును. వీరఘట్టమున జన్మించిన ఆ మల్లుడు ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, గొలుసులతో మోటారుకార్లను కదలనీయక పట్టుట తాతలు మనుమలకు చెప్పు కథలు. సర్కసు డేరాలో ఆయన చూపిన బలము కొన్ని నిమిషముల పాటిది. అంతకు ముందు విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై గడపిన దినములను గూర్చి గాని, ఏండ్ల తరబడి చేసిన సాధనను గూర్చి గాని ఎవ్వరును కథ చెప్పరు. చెప్పుటకు అందు వింత లేదు. ఆరోగ్యమును గూర్చిన పొరపాటు ఇచ్చటనే మొదలగుచున్నది. దేహదార్ఢ్యము మల్లులకును ఆటగాండ్రకును మాత్రమే చెందినదని పెక్కుమంది తలచుచున్నారు.

ఈ తలంపు వలన రెండు విధముల చెరుపు. బలహీనుడైన బాలుడు అది తనకు గాదని మూల కూర్చుండును. ఉత్సాహవంతుడు ఉగాది నాడు శపథము పట్టి, మొదటి దినముననే ఊరి చుట్టు మూడు మారులు పరుగెత్తి, మరునాడు పిక్కలు పట్టుకొని మంచము దిగడు. వారము తిరుగక మునుపే ఆ శపథము అటకెక్కును. ఆరంభశూరత్వమను మాట ఊరక పుట్టలేదు.

ఆటలన్న గిట్టని బాలుడొకడు రాజకోటలో చదువుచుండెను. ఆతని ప్రధానోపాధ్యాయుడు దొరాబ్జీ ఎదుల్జీ గిమీ పై తరగతుల వారికి వ్యాయామమును, క్రికెట్టును నిర్బంధము చేసెను. బాలుడు సిగ్గరి, పైగా వ్యాయామమునకును చదువునకును సంబంధము లేదని ఆతని నమ్మకము. ఆతడే మోహనదాసు కరంచందు గాంధి. ఆ నమ్మకము తప్పని ఆయన పిమ్మట ఆత్మకథలో వ్రాసికొనెను. అయినను ఆరుబయట దూరము నడచుట మేలని పుస్తకములలో చదివి, నడకను మాత్రము అలవాటు చేసికొనెను. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను పోయినపుడు ఆ అలవాటు బండిఖర్చు మిగుల్చుకొనుటకు కూడ అక్కరకు వచ్చినది. దినమునకు ఎనిమిది, పది మైళ్ళు నడచుచుండెను. ఇంగ్లండులో తాను జబ్బు పడకుండుటకు ఆ నడకయే ముఖ్యకారణమని ఆయన చెప్పెను. 1910లో దక్షిణాఫ్రికాలో నెలకొల్పిన టాల్‌స్టాయి క్షేత్రము జొహానెస్‌బర్గు పట్టణమునకు 21 మైళ్ళ దూరమున నుండెను. సొంతపనిపై పట్టణమునకు పోవువారు నడచియే పోవలెనని అచ్చటి నియమము. 1930 మార్చి 12వ తేదీన దండికి బయలుదేరునాటికి గాంధి వయస్సు 60 సంవత్సరములు. 24 దినములలో 240 మైళ్ళు నడచిన ఆ కాళ్ళు ఆ నెలలో సిద్ధమైనవి కావు.

గాంధి నడకను వేరొక వ్రతముగా పెట్టుకొనలేదు. ఎట్లును పోవలసిన చోటికి నడచి పోయెను, అంతియే. ఉదయము పండ్లు తోముకొనవలెనా వలదా యని ఎవ్వరును యోచింపరు. దేహమును కదల్చుట కూడ అట్టి యోచన లేని పని కావలెను. దినదినము మనస్సుతో పోరాడి గెలువవలసిన పని ఎక్కువ నాళ్ళు సాగదు.

ఇట్లు తెలియకయే చేసిన శ్రమ సైతము దేహమును కాపాడునని చూపిన వైద్యుడొకడు కలడు. జెర్రీ మోరిస్ అను ఆంగ్లవైద్యుడు లండను నగరపు రవాణా ఉద్యోగులను పరిశీలించి 1953లో ఒక విషయమును ప్రకటించెను. రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టికెట్లకై మెట్లు ఎక్కుచు దిగుచు నుండును. ఊరు, గాలి ఒక్కటే. అయినను గుండెజబ్బు కండక్టర్లకంటె డ్రైవర్లకే ఎక్కువ. తపాలా బంట్రోతులకును, ఆ శాఖలోనే కూర్చుండి వ్రాయు గుమాస్తాలకును నడుమ కూడ ఇట్టి భేదమే కనబడెను. డ్రైవర్లు ఉద్యోగమున చేరునపుడే లావుగా నుండిరేమో యను సందేహము మోరిస్‌కే కలిగి, వారి యూనిఫారముల నడుముకొలతలను కూడ వెదకి చూచెను. కొంత నిజమే, డ్రైవర్ల కొలతలే పెద్దవి. అయినను శ్రమ గుండెకు మేలను మాటను తరువాతి పరిశోధనలు పెక్కు బలపరచినవి. ఆ కండక్టర్లు వ్యాయామము చేయుచున్నామని తలచియుండరు.

5 మొదలు 17 ఏండ్ల వారు దినమునకు సగటున 60 నిమిషములైన ఊపిరి వేగము హెచ్చునట్లు కదలవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పెను. అందరికిని ఈ లెక్క ఒక్కటే రీతిగా వర్తింపదు. బడికి మూడు మైళ్ళు నడచి, సాయంకాలము పశువులకు గడ్డి కోసి తెచ్చు బాలునకు పరుగుపందెమును బోధించుట హాస్యాస్పదము. వానికి కావలసినది కడుపునిండ అన్నము, కంటినిండ నిద్ర. బాలికల సంగతి వేరు. నీళ్ళ బిందె మోయునపుడు అడ్డు రాని ఆడతనము బంతి పట్టునపుడు మాత్రము అడ్డు వచ్చుచున్నది. ఇది బాలికల సోమరితనము కాదు, పెద్దల అన్యాయము.

ఇక పట్టణపు బాలుడు. అరమైలు దూరమున నున్న బడికి ఆటోలో పోవును, ట్యూషనునకు నాన్న స్కూటరుపై పోవును, ఇంటికి వచ్చి ఫోను పట్టుకొని కూర్చుండును. వాని తప్పు కొంత గలదు. అరమైలు నడచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కాని రోడ్డు దాటుటకే భయమగు వీధులలో నడవుమనుట పెద్దలకు సులభము, పిల్లలకు గాదు. బడిలో నైన కదలుటకు చోటుండవలెను. అచ్చట జరుగునది వేరు. పరీక్షలు దగ్గరపడగానే మొదట పోవునది డ్రిల్లు గంట. లెక్కల ఉపాధ్యాయుడు ఆ గంట నడిగి తీసికొనును. తన గంటను డ్రిల్లు ఉపాధ్యాయునకు ఆయన ఎన్నడును ఈయడు. పదవ తరగతి వచ్చునప్పటికి అడుగుట కూడ మానును. ఆటవస్తువుల బీరువాకు తాళము పడును. అందలి బంతులు కొన్ననాటి రంగుతోనే యుండును, వానిలోని గాలి మాత్రము పోవును.